దండ లేని ఫొటో

కిందటి వారం పవిత్రను మనం ఇటలీలో, రొక్కసెల్వ అనే కొండమీది పల్లెలో, ఒక రాతిగోడ ముందు నవ్వుతూ వదిలిపెట్టాం. ఆ నవ్వు సంగతే ఈ వారం చెప్పాలి. చెప్పడానికి కూర్చుంటేనే ఒళ్ళు మండుతోంది.

కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పవిత్రది పెనుకొండ. ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో పని. కొత్త మిషను పని నేర్చుకుని రమ్మని కంపెనీవాళ్ళు ఆమెను ఇటలీకి పంపారు. ఆ దేశంలోనే, రొక్కసెల్వలోని మఠంలో, వాళ్ళ పెద్దమ్మ సిస్టర్ ఆరోగ్యమ్మ వయసులో ఉన్నప్పుడే వెళ్ళి, ముసలివాళ్ళకు సేవ చేస్తూ తానూ అక్కడే ముసలిదైంది. పవిత్ర తల్లి మరియమ్మకు ఆమె తోడబుట్టిన అక్క. ఇంత దూరం వచ్చి పెద్దమ్మను చూడకుండా పోతే ఎట్లా? ఫోను చేస్తే ఎత్తడం లేదు. "ధ్యానంలో ఉండాదంట మే, ఫోన్లు ముట్టుకోరంట, ఎవురినీ చూడరంట. పోవద్దు" అని పెనుకొండ నుంచి మేనమామ చిన్నప్ప ఒకటికి పదిసార్లు చెప్పాడు. పవిత్ర వినలేదు. తిరుగు ప్రయాణానికి ముందురోజు ఆదివారం. సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది.

సంచిలో రెండే వస్తువులు. పెద్దమ్మకు ప్రాణమైన పప్పులపొడి డబ్బా ఒకటి. మఠంలో పీఠం మీద పరచడానికని మరియమ్మ ధర్మవరంలో చెప్పి నేయించిన జరీ అంచు పట్టుగుడ్డ ఒకటి.

బస్సు దిగితే ఎదురుగా కోట వాకిలి. పెనుకొండ కోట వాకిలి లాంటిదే, కాకపోతే దీని రాళ్ళను ఎవరూ పీక్కుపోలేదు. ఆ వాకిలి పక్కన గోడ, గోడ నిండా కాగితాలు. వాటి మధ్యలో తెల్లముసుగు వేసుకుని నవ్వుతున్న పెద్దమ్మ! పైన సిలువ, చుట్టూ నల్లటి గీత, కింద ఏదో ఇటలీ భాష. పవిత్ర గుండె పొంగిపోయింది. మన ఊళ్ళో గోడమీద ఫొటో పడిందంటే పుట్టినరోజైనా కావాలి, ఎలక్షనైనా కావాలి, సన్మానమైనా కావాలి. పోయినవాళ్ళ ఫొటో అయితే దండ ఉంటుంది. దండ లేని ఫొటోను చూసి ఏడవడం మనకెవరు నేర్పారు? పెద్దమ్మ సేవకు ఊరు సన్మానం చేస్తోందనుకుంది పవిత్ర. గోడకు ఆనుకుని, పెద్దమ్మ బుగ్గకు బుగ్గ ఆనించినట్టు నిలబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వి సెల్ఫీ తీసుకుంది. "మన పెద్దమ్మ ఈడ గూడా ఫేమస్" అని రాసి బంధువుల గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులో మామ ఉన్నాడు, మామ పిల్లలున్నారు. బటన్ల ఫోను వాడే మరియమ్మ మాత్రం లేదు.

పోయిన వారం అక్కడ ఆగాం.

రాళ్ళు పరిచిన సందులు ఎక్కుతూ, కిటికీల్లో పూలకుండీలు చూస్తూ, ఒక ముసలాయన చెయ్యూపితే తానూ ఊపుతూ పవిత్ర మఠం చేరింది. తలుపు తీసిన మఠం పెద్దావిడ పవిత్ర మొహం చూడగానే పోలిక పట్టింది. రెండు చేతులూ పట్టుకుంది. లోపలికి రమ్మంటుందనుకుంటే బయటికి నడిపించింది. వెనకాలే కేరళ నుంచి వచ్చిన ఒక చిన్న సిస్టర్ నడిచింది. మఠం వెనక ఒక ఇనుప గేటు, గేటు లోపల సమాధులు. ఇంకా ఎండని మట్టి మీద కొయ్య సిలువ. సిలువకు అదే ఫొటో. ముందు చిన్న దీపం.

పవిత్ర వంగింది. కొయ్య సిలువ మీద పేరు చదివింది. మళ్ళీ చదివింది.

"గుండె ఆగింది, నిద్రలోనే పోయారు" అంది కేరళ సిస్టర్ ఇంగ్లీషులో. "నెలరోజుల పూజ ఈ వారమే. గోడమీద దాని ప్రకటన అంటించాం. మీరు చూసే ఉంటారు."

చూసింది. చూసి, ఆనుకుని, నవ్వి, ఫొటో కూడా దిగింది. ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది పవిత్రకు.

"మాకెవరికీ చెప్పలేదే!"

మఠం పెద్దావిడ ఆశ్చర్యపోయింది. చెప్పామంది. ఆ సాయంత్రమే ఇండియాలో తమ్ముడికి ఫోను చేశామంది. ఇక్కడే పూడ్చమని ఆయనే అన్నాడట. అంత్యక్రియలు ఫోనులో కనబడేలా పెట్టి ఆయనకు పంపారట. "కుటుంబమంతా కలిసి కూర్చుని చూశాం, మా చిన్నక్క చాలా ఏడ్చింది అని ఆయన జవాబు రాశారు" అంది కేరళ సిస్టర్ మెల్లగా.

చిన్నక్క అంటే మరియమ్మ. ఆ రోజు మరియమ్మ చేలో కలుపు తీస్తూ ఉండి ఉంటుంది. తన పేరు మీద ఎవరో ఏడ్చేశారని కూడా తెలియకుండా.

ఏటా సమాధుల పండుగకు తాత సమాధికి సున్నం కొట్టి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించే కుటుంబం వాళ్ళది. ఆ కుటుంబం ఆడబిడ్డ పరాయి మట్టిలో నెల నుంచి పడుకుని ఉంటే ఒక్క పువ్వు లేదు, ఒక్క ఏడుపు లేదు. పవిత్ర సంచిలోంచి పట్టుగుడ్డ తీసి మట్టి మీద పరిచింది. పప్పులపొడి డబ్బా సిలువ దగ్గర పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఏడుపు అయ్యాక కోపం మొదలైంది. అది విమానంలో చల్లారలేదు, బెంగళూరులో దిగినా చల్లారలేదు.

మామ ఎందుకు దాచాడో ఆమెకు దారిలోనే అర్థమైంది. హైవే నుంచి ఎర్రమంచికి పోయే దారిలో తాత చేను ఉంది. తాత దాన్ని పెద్దకూతురి పేరు మీద పెట్టి పోయాడు. ఆరోగ్యమ్మ దాన్ని చెల్లెలికి ఇచ్చింది. "నేనుండంగా నీదే, నేను పోయినంకా నీదే" అని నోటిమాటగా అంది. భర్త పోయాక మరియమ్మ ఆ చేలోనే చిన్న ఇల్లు వేసుకుని, శెనక్కాయలు పండించుకుని బతుకుతోంది. ఆ మధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొంత చేను పోయింది. ఆఫీసుల చుట్టూ తిరగడానికని ఆరోగ్యమ్మ తన బదులు సంతకాలు పెట్టేలా తమ్ముడికి పవర్ రాసిచ్చింది. ఆ పనికని ఇచ్చిన పవర్‌తో చిన్నప్ప ఇప్పుడు చేనంతా అమ్మేస్తున్నాడని ఊళ్ళో ఒక గుసగుస. పవర్ ఇచ్చిన మనిషి బతికి ఉన్నంతవరకే ఆ పవర్‌కు ప్రాణం. అందుకని పెద్దమ్మ చావకూడదు. చచ్చినా చావకూడదు.

ఈ మాట తల్లికి ఫోనులో చెప్పడానికి పవిత్రకు మనసొప్పలేదు. చేలో ఒంటరిగా ఉండే మనిషి. కూలబడితే పట్టుకునే దిక్కు లేదు. ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుని చెబుదామనుకుంది.

పెనుకొండలో బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని దింపుతున్నాయి. ఆటో కోసం తల తిప్పిన పవిత్ర అక్కడే నిలబడిపోయింది.

సర్కిల్లో, చిన్నప్ప ఫ్లెక్సుల షాపుకు ఎదురుగా, రెండు గుంజల మధ్య పెద్ద ఫ్లెక్సు. పెద్దమ్మ నవ్వుతోంది. పక్కనే బుగ్గకు బుగ్గ ఆనించి తాను నవ్వుతోంది. నల్లగీత లేదు, సిలువ లేదు. వాటి చోట గులాబీలు, మతాబులు. "ఇటలీ దేశంలో మన పెనుకొండ ఆడబిడ్డకు ఘన సన్మానం. సిస్టర్ ఆరోగ్యమ్మ గారు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని కోరుకుంటూ, మీ తమ్ముడు చిన్నప్ప."

చూసిన వాళ్ళు చూసినట్టే పలకరిస్తున్నారు. "ఏమ్మా పవిత్రా, మీ పెద్దమ్మ మన ఊరి పేరు నిలబెట్టిందే!" అని ఎవరో టీకొట్టు దగ్గర నుంచి అన్నారు. పవిత్ర ఆ మాట వైపు తిరగలేదు. పెట్టె ఈడ్చుకుంటూ నేరుగా షాపు మెట్లెక్కింది.

చిన్నప్ప మిషను దగ్గర నిలబడి ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సు చుడుతున్నాడు. మేనకోడల్ని చూసి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు.

"వస్తివా మే! ఫోన్ చేసింటే బండి తెచ్చుంటా గదా. కాఫీ తాగుతావా?"

"ఆ ఫ్లెక్సు దించు మామా."

"ఏం, బాగ లేదా? నువ్వు పంపిన ఫొటోనే గదా."

"దించు."

చిన్నప్ప వీధి వైపు చూసి షట్టరు సగం దించాడు. "మెల్లగా మాట్లాడు. రాఘవేంద్ర సారు హిందూపురం నుంచి బయల్దేరినాడు, ఇంగ వచ్చేస్తాడు."

"ఎవురు ఆ సారు? చేను కొనేటాయనా?"

చిన్నప్ప మళ్ళీ ఫ్లెక్సు చుట్టసాగాడు. గుసగుస నిజమేనని పవిత్రకు దాంతోనే తెలిసింది.

"నేను సమాధి చూసొచ్చినా మామా. మట్టి ఇంగా ఎండలా. నీకు ఆ సాయంత్రమే ఫోన్ చేసినారంట. అందరం కూర్చోని చూసినామని రాసినావంట. మా యమ్మ ఏడ్చిందని రాసినావంట. ఏడ్చేదానికన్నా చెప్పకపోతివే ఆమెకు!"

"నేను ఏడ్చలేదనుకున్యావా?" అన్నాడు చిన్నప్ప. "ఈ షట్టరు దించుకోని, ఈ మూల కూర్చోని, ఒక్కణ్ణే చూసినా. నన్నెత్తుకోని పెంచింది మే ఆమె. మా యమ్మ కంటే ఎక్కువ."

అది అబద్ధం కాదని పవిత్రకు తెలుసు. తెలిసినందుకు కోపం ఇంకా పెరిగింది. ప్రేమ లేనివాడు చేసి ఉంటే తిట్టి ఊరుకునేది.

"పెంచిన మనిషి సచ్చిపోతే నిండు నూరేళ్ళని రాస్తావా? నీ చెయ్యి ఎట్లొచ్చింది? ఊర్లో ఎవురు పోయినా నల్లంచు వేసి నువ్వే గదా కొట్టేది. నాకైతే దండ కనపళ్ళా, మోసపోయినా. నీకు ఆ నల్లగీత చూస్తానే తెలిసిందా లేదా? తెలిసి గీత చెరిపినావు!"

"ఒక్క పూట మే. రేపు పొద్దున రిజిస్ట్రేషన్. అయిపోయిందంటే చాలు. ఇప్పుడు పోయిందని తెలిస్తే పవర్ పనికిరాదు. ఆ దేశం నుంచి కాయితాలు తెప్పియ్యల్ల, వారసులమని రుజువు చెయ్యల్ల, ఎన్నేండ్లు పట్టాదో. కొనే పార్టీ అంతవరకు కాసుకోని ఉంటాడా? వచ్చే దుడ్లు నాకొక్కనికేనా? మీ యమ్మకు మా మిద్దె మీద రూము కట్టిస్తా. ఆ వయసులో ఎండలో కలుపు తియ్యాల్సిన కర్మేంది ఆమెకు?"

"ఆమెను అడిగినావా?"

"అడిగితే ఒప్పుకుంటాదా?"

"మా పెద్దమ్మను అడిగినావా?"

చిన్నప్ప చూపు తిప్పుకున్నాడు. ఆ చూపు పోయిన వైపే పవిత్ర చూపూ పోయింది. బల్ల మీద కంప్యూటరు తెరిచే ఉంది. తెరమీద పెద్దమ్మ. అదే ఫొటో. ఈసారి దండ ఉంది. "కన్నీటి నివాళి" అని పైన ఉంది. నల్లంచు ఉంది. కింద మరణించిన తేదీ ఉంది.

పవిత్ర దగ్గరికి పోయి చదివింది. ఆ తేదీ ఎల్లుండిది.

నెల కిందట నిద్రలో పోయిన మనిషిని ఈ తమ్ముడు మళ్ళీ ఒకరోజు చూసి చంపడానికి ముహూర్తం పెట్టుకున్నాడు. రేపు సంతకం, ఎల్లుండి చావు. దేవుడు రాసిన రోజు మామకు సరిపోలేదు. అంతా తీరుబడిగా, రంగులు చూసుకుని, అక్షరాలు సర్దుకుని, తయారుగా పెట్టుకున్నాడు.

"నువ్వు మనిషివేనా?" అంది పవిత్ర. గొంతు కీచుగా వచ్చింది. "ఇప్పుడే పోయి మా యమ్మకు చెప్తా. రేపు ఆ ఆఫీసు వాకిట్లో నిలబడి అరుస్తా. ఆ సారు రాంగానే ఆయనకు చెప్తా."

చిన్నప్ప కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, అలసిపోయినవాడిలా మొహం తుడుచుకున్నాడు.

"చెప్పు. ఎవురు నమ్ముతారు? బయటికి పోయి ఆ ఫ్లెక్సు చూడు. పెద్దమ్మ పక్కన నిలబడి నవ్వుతాండేది నువ్వే గదా. ఊరంతా చూసింది. సచ్చినోళ్ళ కాయితం పక్కన ఎవురన్నా అట్ల నవ్వుతారా మే? నాకు సాక్షి నువ్వే."

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. ఆ నవ్వు తనదే. పెద్దమ్మ మీద ప్రేమతో నవ్విన నవ్వు. దాన్ని తీసుకుని మామ పెద్దమ్మ చావు మీద తాళం వేశాడు. తాళంచెవి పంపింది తనే. పవిత్రకు తనమీద తనకు అసహ్యం వేసింది, మామ మీద అంతకు రెండింతలు వేసింది. షట్టరు కింద నుంచి వంగి బయటికి వచ్చింది. షాపు గోడకు ఫ్లెక్సులు కట్టే నిచ్చెన ఆనించి ఉంది. దాన్ని ఈడ్చుకుంటూ పోయి ఫ్లెక్సు గుంజకు చేర్చింది. పీకి ముక్కలు చేద్దామని చెయ్యి పైకెత్తింది.

"చింపొద్దు పాపా."

ఆ గొంతు వినగానే పవిత్ర చెయ్యి ఆగిపోయింది.

ఆటో దిగి మరియమ్మ నిలబడి ఉంది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. చేతిలో అరటాకు పొట్లం. కూతుర్ని చూసి ఎప్పుడొచ్చావని అడగలేదు. అక్క ఎట్లుందని అడగలేదు. పొట్లం విప్పింది. లోపల చామంతిపూల దండ, ఫ్లెక్సు మీద మనిషికి సరిపోయేంత పొడుగు.

"అమ్మా..." అంది పవిత్ర. నిచ్చెన వదిలి తల్లి దగ్గరికి వచ్చింది.

"నిన్న ఎవురో చెప్తే వచ్చి చూసినా" అంది మరియమ్మ ఫ్లెక్సు వైపు తల ఎత్తి. "ఆ ఫొటో మా అక్క పోయినసారి వచ్చినప్పుడు ఈడ స్టూడియోలో తీయించుకునింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకోని చెప్పింది. 'ఇది గోడకేసుకునేదానికి కాదు మే, దాచిపెడతా. నేను పోయిన దినం తీస్తారు' అనింది. దినం రాకుండా ఆ ఫొటో బయటికెట్లొస్తాది?"

షట్టరు కిందనుంచి వచ్చిన చిన్నప్ప ఆ మాట విన్నాడు. "చిన్నక్కా..." అని ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆదివారం ఆదివారం ఫోన్ చేసే మనిషి" అంది మరియమ్మ, అతని వైపు తిరగకుండానే. "నాయన పోయిన దినం గూడా చేసింది. అడిగితే ధ్యానమంటివి. నేను నమ్మినా. నా తమ్ముడు గదా అని నమ్మినా. నా అక్కకు నేను ఏడ్చే ఏడుపు గూడా ఎత్తుకోని పోతివి కదరా."

ఆమె అరవలేదు. టీకొట్టు దగ్గరి జనం గ్లాసులు దించి ఇటు తిరిగారు. కంపెనీ బస్సు దిగినవాళ్ళు సంచులు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయారు.

మరియమ్మ దండను తమ్ముడి ముందుకు చాపింది.

"ఎక్కు. నువ్వు కట్టిన ఫొటోకు నువ్వే వెయ్యి."

"రేపటిదాకా ఆగు చిన్నక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా. రేపటిదాకా."

"ఎక్కుతావా లేదా?"

చిన్నప్ప కదల్లేదు. మరియమ్మ ఇంకోసారి అడగలేదు. దండను భుజాన వేసుకుంది, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుంది, చెప్పులు విడిచింది. చేలో చింతచెట్టు ఎక్కే మనిషికి నిచ్చెన ఒక లెక్కా! పవిత్ర పరుగున పోయి నిచ్చెన పట్టుకుంది.

మరియమ్మ సగం ఎక్కింది. అప్పుడే హిందూపురం రోడ్డు వైపు నుంచి తెల్లటి కారు వచ్చి షాపు ముందు ఆగింది. రాఘవేంద్ర దిగాడు. ఎదురొచ్చి నమస్కారం పెట్టాల్సిన చిన్నప్ప రాయిలా నిలబడి ఉన్నాడు. రాఘవేంద్ర చిన్నప్పను చూశాడు, జనాన్ని చూశాడు. ఫ్లెక్సు మీది అక్షరాలు పైనుంచి కిందికి చదివాడు. చివరికి నిచ్చెన మీది మనిషినీ, ఆమె భుజాన ఉన్న దండనూ చూశాడు.

"ఏమమ్మా" అన్నాడు గట్టిగా. "బతికుండే మనిషి ఫొటోకు దండ వేస్తాండావే?"

మరియమ్మ మెట్టు మీదే ఆగింది. ఒక చేత్తో గుంజ పట్టుకుని, మొదటిసారి తమ్ముడి కళ్ళలోకి చూసింది.

"నువ్వు చెప్తావా చిన్నప్పా," అంది, "నన్ను చెప్పమంటావా?"